డిక్కీలో పెద్ద స్పీకరు

“ఆ పెట్టె మీరే తీయిస్తారా, నన్ను సుత్తి పట్టుకుని దిగమంటారా?”

ఆవిడ ఈ మాట అనడం ఎన్నోసారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆయన పేపరు మడిచాడు.

“రిటైరైనవాడు పాటలు వినడం కూడా తప్పేనా?”

“వినండి, ఎవరొద్దన్నారు? పోనీ పగలు వినండి. లైట్లు వేసే వేళకే గుర్తొస్తుందా మీకు సంగీతం?”

ఆయన మళ్లీ పేపరు విప్పాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన కూనిరాగం తీయగా కూడా ఆవిడ వినలేదు. అలాంటిది ఉన్నట్టుండి కారు డిక్కీలో పీపా అంత స్పీకరు, సీటు కింద ఆంప్లిఫయరు బిగించుకొచ్చాడు. పెట్టేది ఎప్పుడూ ఒకటే పాట. బేస్ దడాలుమన్నప్పుడల్లా హెడ్‌లైట్లు గుడ్డిదీపాలైపోయేవి.

ఆవిడ భయం కారు గురించి కాదు. సాయంత్రాలు మనవరాలిని ఈత క్లాసు నుంచి తీసుకొచ్చేది ఆయనే. పోయిన నెల ఎదురింటి గేటును గుద్దాడు. మొన్న సైకిల్ మీద వెళ్లే మనిషి వెంట్రుకవాసిలో బతికిపోయాడు. రెండుసార్లూ పిల్ల వెనక సీట్లోనే ఉంది. రెండుసార్లూ ఆయన ఒకటే చెప్పాడు.

“బేస్ కొట్టగానే లైట్లు పడిపోయాయి. నేనేం చేయను?”

అప్పటి నుంచి పొద్దు వాలితే ఆవిడ గేటు దగ్గరే నిలబడేది. కారుకంటే ముందు వీధి మలుపు నుంచి దడదడ వినిపించేది. పిల్ల దిగి పరుగెత్తుకొచ్చేదాకా ఆవిడ గుండె అలాగే కొట్టుకునేది.

చివరికి కొడుకు కలగజేసుకున్నాడు. “తీసేయడం ఎందుకమ్మా? నాన్నకి ఇన్నాళ్లకి ఒక సరదా పుట్టింది. లైట్ల సంగతి నేను చూస్తాను.”

తండ్రి వద్దంటున్నా వినకుండా ఆయన్నీ, కారునీ ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాడు. అతను బ్యాటరీకి మీటరు తగిలించి, పాట పెట్టించి, నవ్వాడు.

“ఇద్దరికి వండి వీధివీధంతా భోజనానికి పిలిచారు సార్. మీ ఆల్టర్నేటర్ తయారుచేసే కరెంటు కంటే ఆంప్లిఫయరు లాగేదే ఎక్కువ. ఇక లైట్లకేం మిగులుతుంది? పెద్ద ఆల్టర్నేటర్ వేసి, బ్యాటరీకి లావుపాటి వైరు లాగుతాను. ఎంత మోగినా లైట్లు కదలవు.”

“ఎందుకురా దండగ? ఉన్నదానితో సర్దుకుంటాను,” అన్నాడు ఆయన. గొంతు వణికింది. కోపమనుకున్నాడు కొడుకు.

పని పూర్తయిన రోజు, మసకచీకట్లో, అందరూ కారెక్కారు. ఆవిడ ముందు కూర్చుంది. పిల్ల వెనక, కొడుక్కీ కోడలికీ మధ్య. కొడుకు చెయ్యి చాచి పాట పెట్టాడు. సీట్లు అదిరాయి. లైట్లు చెక్కుచెదరలేదు. రోడ్డంతా తెల్లగా పరుచుకుని నిలబడ్డాయి.

“చూశావా నాన్నా! ఇక నీ ఇష్టం వచ్చినంత సేపు విను.”

ఆయన రెండు చేతులా స్టీరింగు పట్టుకుని ముందుకు వంగాడు. చలిగాలి వీస్తున్నా నుదుటి మీద చెమట పట్టింది. లైట్లు అంత బాగా వెలుగుతున్నా ఆయన ముఖం పాలిపోయి ఉండడం ఆవిడ గమనించింది.

మలుపు తిరగగానే తెల్లచొక్కా మనిషి ఒకడు రోడ్డు దాటుతున్నాడు. సరిగ్గా లైట్లకు ఎదురుగా. కారు వేగం తగ్గలేదు.

“ఏమండీ! మనిషి! మనిషండీ!”

ఆవిడ రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు లాగింది. కారు కీచుమంటూ ఆగింది. ఆ మనిషి బానెట్ మీద చేతులు ఆనించి నిలదొక్కుకున్నాడు. నోటికొచ్చినట్టు తిట్టి వెళ్లాడు. పాట మోగుతూనే ఉంది. దానికింద పిల్ల ఏడుపు ఎవరికీ వినపడలేదు.

తిరిగి ఇంటిదాకా కొడుకే నడిపాడు. అందరూ హాల్లో కూలబడ్డారు.

“ఆ ఎలక్ట్రీషియన్ని నిలదీస్తాను. ఇంకా ఏదో తేడా ఉంది,” అన్నాడు కొడుకు.

ఆయన లేచి, కారు తాళం కోడలి చేతిలో పెట్టాడు.

“రేపటి నుంచి పిల్లను నువ్వే తీసుకురామ్మా,” అన్నాడు అందరికీ వినపడేలా, మెల్లగా, “చీకటి పడితే నాకు చూపు ఆనకుండా పోయి ఏడాదైంది, ఆ తప్పు లైట్ల మీదకి నెట్టడానికే ఆ పెట్టె పెట్టించాను.”