పచ్చి సిమెంటు దారి

“ముట్టుకోకు పోతయ్యా! నా కొడుకు వచ్చీసినాడు!”

తాపీతో వంగబోయిన మేస్త్రీ చేతిని గురువమ్మ గట్టిగా పట్టుకుంది. వీధి నుంచి గడప ముందు అరుగు దాకా అప్పుడే నునుపు చేసిన సిమెంటు దారి. పోతయ్య టీ తాగి వచ్చేలోగా దాని మీద అడుగులు పడ్డాయి. అన్నీ ఇంట్లోకి వచ్చినవే, బయటికి వెళ్లినది ఒక్కటీ లేదు.

గడపలో నిలబడ్డ కోడలు పుణ్యవతి తడి కాళ్లని కుచ్చిళ్ల కింద దాచుకుంది. ఆ అడుగులు ఆమెవే. పెరటి వైపు నుంచి చుట్టూ తిరిగి వీధిలోకి వెళ్లి, దారి తొక్కుకుంటూ లోపలికి వచ్చి, గబగబా కాళ్లు కడుక్కుంది.

ఏం చేస్తుంది మరి? చేపల వేటకెళ్లిన ఆమె భర్త కొండలుని చమఖండి దగ్గర సముద్రం మింగి తొమ్మిది రోజులైంది. శవమైనా దొరకలేదు. పోయినవాడు ఇల్లు చూసుకోవడానికి వస్తాడని మొన్న సాయంత్రం గడపలో బియ్యప్పిండి పరిచారు. తెల్లారి చూస్తే పిండి పరిచింది పరిచినట్టే ఉంది. “నా కొడుకు గడప తొక్కితేగానీ మెతుకు ముట్టను” అని ముసలమ్మ భీష్మించుకుంది. అప్పట్నుంచీ మంచినీళ్లే. కళ్లు గుంటలు పడ్డాయి. ఈమె కూడా పోతే పుణ్యవతికి ఈ లోకంలో ఇంకెవరున్నారు?

“పిల్లగుంటలెవరో తొక్కేసుంటారు పిన్నీ” అన్నాడు పోతయ్య చిరాగ్గా. “ఇది బిగిసిపోతే మరి నా వల్ల కాదు. బరంపురంలో కూడా నా పనికి వంక పెట్టినోడు లేడు.”

గురువమ్మ వినిపించుకోలేదు. దారి పక్కన చతికిలబడి ఒక అడుగు చుట్టూ వేలితో తడిమింది. మడమ నుంచి మొదలుపెట్టి వేళ్ల దగ్గర చాలాసేపు ఆగిపోయింది. పుణ్యవతి గడప దగ్గర్నుంచి ఆ వేలినే చూస్తోంది. మగవాడి పాదం ఇంత చిన్నదేమిటని అడిగితే ఏం చెప్పాలి?

“సదును సేసీమంటావా?” మళ్లీ అడిగాడు పోతయ్య.

“వద్దు నాయనా. ఇలాగే ఉండనీ.” ముసలమ్మ మెల్లగా లేచింది. “కోడలా, ఆకలేస్తంది. ఇంత అన్నం ఎట్టు.”

పుణ్యవతికి ఏడుపు ఆగలేదు. లోపలికి పరుగెత్తి చద్దన్నం కలిపి తెచ్చింది. పోతయ్య తాపీ కడుక్కుని, “రేపట్నుంచి బాగా తడపండి” అని చెప్పి వెళ్లిపోయాడు.

గురువమ్మ రెండు ముద్దలు తిని, మూడోది కోడలి నోటికి అందించింది.

“నువ్వూ తిను తల్లీ. నా కోసం ఎంత పని సేసినావే!”

పుణ్యవతి ముద్ద మింగి ముసలమ్మ ముఖంలోకి చూసింది.

“రేపు పదో రోజు. నీ కాలి మట్టెలు తీసేస్తారు” అంది గురువమ్మ. “సిమెంటులో పడ్డ మట్టెల అచ్చులైనా ఉంటాయని, పోతయ్యని సెరపనివ్వలేదు.”