ముప్పై ఒకటి దాకా

“ముప్పై ఒకటిన మన ఆసుపత్రిలో ఒక్క కాన్పూ లేదు. కంప్యూటర్ అబద్ధం చెప్పదు,” అన్నాడు అక్కడి కంప్యూటర్లు చూసే మొగుడు, బాలింత మంచం పక్కనే ల్యాప్‌టాప్ తెరిచి.

“అయితే నిన్న మధ్యాహ్నం నేను కన్నది దిండునా?” అంటూ పెళ్ళాం పసిదాన్ని అతని ఒళ్లో పడుకోబెట్టింది.

కాన్పుల లెక్క అడుగుతూ కంప్యూటర్‌కి తను రాసిన క్వెరీ మళ్లీ చదివి నాలుక కరుచుకున్నాడు. “ముప్పై ఒకటి దాకా అన్నాను గానీ టైము రాయలేదు. ఆ తేదీ మొదలవగానే లెక్క ఆపేసింది. ఆ రోజంతా లెక్క బయటే ఉండిపోయింది.”

“నీ బుద్ధే వచ్చింది దానికి. నువ్వూ ముప్పై ఒకటి దాకా నా దగ్గరే ఉంటానని, ముప్పయ్యో తేదీ అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే చక్కా పోయావు. నొప్పులు తెల్లారాక మొదలయ్యాయి.”

అతను క్వెరీ సరిచేసి, పెద్ద డాక్టరుకి ఫోన్ చేశాడు.

“పదిహేను దాకా సెలవు కావాలి సార్... ఆ, పదిహేను కూడా కలిపే.”