సాక్ష్యంలో మిగిలిన మాట

“ఈ మాత్రలు ఎవరు రాసిచ్చారని డాక్టరు అడిగితే నీ పేరు చెప్పలేదమ్మా,” అంది జ్ఞానమణి, రక్తం ఎక్కిస్తున్న చేతిని కదపకుండా.

ప్రిసిల్లా తల ఎత్తలేకపోయింది. పీహెచ్‌డీ వచ్చినందుకు దేవునికి కృతజ్ఞతగా మెట్టుగూడ చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పింది తనే. పేగు క్యాన్సర్ కణాలకు పెరగమని అందే సంకేతాన్ని మామూలు నొప్పి మాత్ర ఆపేస్తుందని తన పరిశోధనలో తేలినట్టు చెప్పింది. అన్నను ఆ జబ్బుతోనే పోగొట్టుకున్న జ్ఞానమణి ఆ రోజు నుంచీ పూటకో మాత్ర మింగింది. కడుపులో పుండు పడి, నిన్న రక్తం కక్కుకుంది.

“అది ల్యాబులో, గాజు డిష్‌లో కణాల మీద చేసిన పని ఆంటీ. మనిషి తట్టుకోలేనంత మందు పోశాం.”

“మరి ఆ మాట ఆ రోజే చెప్పలేదేం?”

“చెప్పబోయాను. ఈలోగా అందరూ దేవునికి స్తోత్రం, స్తోత్రం అన్నారు. ఇక చెప్పబుద్ధి కాలేదు.”

జ్ఞానమణి ముఖం గోడవైపు తిప్పుకుంది. తిట్టినా బాగుండుననిపించింది ప్రిసిల్లాకు.

“చర్చిలో మా వరసలో కూర్చునే వాళ్లందరి హ్యాండ్‌బ్యాగుల్లోనూ ఉన్నాయవి. పట్టుబట్టి కొనిపించింది నేనే,” అంది ఆవిడ, అటే చూస్తూ.

ప్రిసిల్లా గబగబా ఫోన్ తీసింది. “మానెయ్యమని ఇప్పుడే చెప్తాను ఆంటీ, ఒక్కొక్కరికీ.”

“చెప్పు. ఆదివారం మైకులో కూడా చెప్పు, నువ్వు మింగేసిన ఆ మాట.”

“దానికి ఎవరూ స్తోత్రం అనరు ఆంటీ.”

“చక్రాల కుర్చీలోనైనా నన్ను తీసుకెళ్లు. నేనంటాను.”