రెండు సంచులు, ఒకే గీత

"పెద్దవాణ్ణి. మెరక ముక్క నాకే రావాలి."

"అంటే ఆ ఉప్పు పల్లం నా మొహాన కొడతావా అన్నయ్యా? రిపోర్టు రానీ, కోర్టులోనే తేల్చుకుందాం!"

అన్నదమ్ములిద్దరూ ల్యాబ్ గుమ్మంలోనే తగువేసుకున్నారు. పొలం పంపకం ఈ రిపోర్టు దగ్గరే ఆగింది మరి. లోపల మట్టి పరీక్షల మేడమ్‌కి మాత్రం ఆ అరుపులు చెవికెక్కడం లేదు. మెరక మట్టికీ పల్లం మట్టికీ ఉప్పు మీటరు ఒకే అంకె చూపిస్తోంది. మట్టి మీద వెలుగు పడేసి గీత గీసే యంత్రమూ అంతే. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి, ఏది ఎవరిదో తెలియడం లేదు.

ఇదెలా కుదురుతుంది? సోమవారం తనే వెళ్ళి ఒక్కో ముక్కలో పదేసి చోట్ల జానెడు లోతు తవ్వించింది. పల్లంలో సున్నం చల్లినట్టు ఉప్పు పేరుకుని ఉండడం రెండు కళ్ళతో చూసింది. మట్టి తడిగా ఉందంటే, అన్నదమ్ముల తల్లే "నీడన ఆరబెట్టి, దంచి, జల్లించి తెస్తాలే" అని రెండు సంచులూ ఇంటికి తీసుకెళ్ళింది.

మేడమ్ మీటరు కడిగింది. నీళ్ళు మార్చింది. మూడోసారీ అదే అంకె. తప్పు యంత్రానిదా, తన కళ్ళదా?

తమ్ముడు లోపలికి తొంగిచూశాడు. "ఏం తేలింది మేడమ్?"

"రెండూ ఒకటేనని చూపిస్తోంది," అంది, తన మాట మీద తనకే నమ్మకం లేకుండా.

"చూశావట్రా! పల్లానికి ఏ రోగమూ లేదు!" అన్నాడు అన్న.

"అయితే అది నువ్వే తీసుకో అన్నయ్యా."

"పెద్దవాణ్ణి, మెరకే నాది," అన్నాడు అన్న.

మేడమ్ ఉండబట్టలేక, వరండాలో బెంచీ మీద కూర్చున్న వాళ్ళమ్మ దగ్గరకు వెళ్ళింది. "పెద్దమ్మా, మెరక మట్టి జల్లించాక జల్లెడ దులపకుండానే పల్లం మట్టి పోశారా ఏంటి?"

ఆవిడ కొడుకుల వైపు ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"జల్లెడ తప్పేం లేదు తల్లీ. ఏడాదిగా బతిమాలుతున్నా వాళ్ళిద్దర్నీ కలపలేకపోయాను. మట్టినైనా కలిపాను."