అంచున నిలబడ్డావిడ

నాన్న చిన్న ఫిల్మ్ కెమెరా లెన్సును నా పెద్ద డిజిటల్ కెమెరాకు బిగిస్తానంటే అన్నయ్య నవ్వాడు. "దాని వెలుగు చిన్న ఫిల్ముకే సరిపోయే చిన్న గొడుగు. నలుగురు దూరితే అంచునున్నవాళ్ళు తడవాల్సిందే. మూలలన్నీ నల్లగా వస్తాయి, చూడు."

ఆ రాత్రి నాన్న స్టూడియోలో ఒక్కదాన్నే ఉండి, ఖాళీ కుర్చీని ఫొటో తీశాను. నాలుగు మూలల దాకా గోడ తేటగా పడింది. నలుపన్నదే లేదు! ఎగిరి గంతేసి, ఫొటో పంపి అన్నయ్యకు ఫోన్ చేశాను.

"గెలిచావు తల్లీ, ఒప్పుకున్నా," అన్నాడు. ఫొటోను దగ్గరగా చూసి అడిగాడు. "సరేగానీ, కుడి మూలలో గోడకు ఆనుకుని నిలబడ్డావిడ ఎవరు?"

నలుపు కోసమే వెతికిన నేను ఆవిడని గమనించనేలేదు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

నాన్న ఎవరిని ఫొటో తీసినా, నొక్కే ముందు ఖాళీగా ఉన్న కుడివైపు చూసి, "కాస్త పక్కకి జరగండమ్మా" అనేవారు. అదో చాదస్తమని మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆయన చిన్న ఫిల్ములో ఆ మూల పడేదే కాదు. ఆవిడ ఇన్నేళ్ళూ ఆయన మాట విని, సరిగ్గా అంచు అవతలే నిలబడింది.

ఫోన్ పెట్టేశాను. అయినా గెలుపు గెలుపే. మళ్ళీ కెమెరా వెనక్కి వెళ్ళి, కుడివైపు చూశాను.

"ఇందులో బోలెడు చోటుంది. లోపలికి రండమ్మా."

ఖాళీ కుర్చీ కిర్రుమంది.