నీలం కుట్లు

“నీలం కుట్లు ఎవరింటి గుర్తో మర్చిపోయానని చెప్పు. అంతే పని.”

గోదాము మేనేజరు ఆరు బంగారు గాజులు ఇస్త్రీబల్ల మీద పేర్చాడు. ఇస్త్రీ పెద్దమ్మ వాటివైపు చూడకుండా దుప్పటి మీద నీళ్లు చిలకరించింది.

పేటలో ఇంటింటి బట్టలూ ఉతికి ఇస్త్రీ చేసేది ఆమే. ఒకరివి ఒకరివాటిలో కలిసిపోకుండా ఇంటికో రంగు దారంతో అంచున మూడు కుట్లు వేసేది. డాక్టరుగారిది ఎరుపు, టీచరమ్మది పసుపు. మొన్న గోదాము కాపలాదారును ఎవరో పొడిచి చంపారు. అక్కడ దొరికిన నెత్తుటి చొక్కా అంచున నీలం కుట్లున్నాయి. రేపు పొద్దున స్టేషనుకొచ్చి అది ఎవరిదో చెప్పమని ఇన్‌స్పెక్టరు కబురుపెట్టాడు.

“పదేళ్లుగా మా ఇంటి బట్టలు నీకే వేస్తున్నాం పెద్దమ్మా. ఆ విశ్వాసమైనా లేదా?”

“ఉంది బాబూ. అందుకే మర్యాదగా చెబుతున్నా, తీసుకుపో.”

“జన్మంతా ఈ బొగ్గుల పెట్టె లాగినా ఇందులో ఒక్క గాజు చేయించుకోగలవా?”

“లేను. కానీ అబద్ధ సాక్ష్యం చెప్పొద్దన్నాడు దేవుడు. నలభై దాటాక ప్రార్థన మందిరం గోడ మీది పది ఆజ్ఞలు చూసే అక్షరాలు నేర్చుకున్నా. ఆ తొమ్మిదోదానికి నెల పట్టింది. దాన్ని ఆరు గాజులకు ఇచ్చేయమంటావా?”

“గోడ మీది రాతలు కూడు పెడతాయా?” అని నవ్వి, అతను గొంతు తగ్గించాడు. “కాపలావాడు ఎలాగూ తిరిగి రాడు. నువ్వు నోరు విప్పావా, నీ ఇంట్లో దీపం వెలగదు. ఆలోచించుకో.”

ఆమె చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. దుప్పటి కమిలిన వాసన వచ్చింది. ముప్పై ఏళ్లలో ఆమె ఒక్క గుడ్డ కాల్చి ఎరగదు.

“ఆలోచించా బాబూ. ఆ కాపలాదారుకీ ఒక తల్లి ఉంది.”

అతను గాజులు జేబులో వేసుకుని విసురుగా వెళ్లిపోయాడు. అతని మనుషులిద్దరు మాత్రం వీధి మలుపులో నిలబడే ఉన్నారు.

“వాళ్లు ఎంతకైనా తెగిస్తారు వదినా. నీ కొడుకు పనిచేసేదీ ఆ మేనేజరు కిందే కదా, వాణ్ణి తీసుకుని ఎటైనా వెళ్లిపో,” అంది పక్కింటావిడ గోడ మీంచి.

“ఎటు పోతే ఏం, ఆ చొక్కా మారుతుందా?”

పొద్దున స్టేషనులో ఆమెకంటే ముందే మేనేజరు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు చొక్కాను బల్ల మీద పరిచాడు. ఆమె అంచును వేలితో తడిమింది.

“నువ్వు వేసిన కుట్లేనా?”

“నేను వేసినవేనయ్యా.”

“ఎవరిదీ చొక్కా?”

మేనేజరు గట్టిగా దగ్గాడు. ఆమె అటు తిరగలేదు.

“నా కొడుకుదయ్యా.”