సబ్బు సాక్ష్యం

బకెట్లో నానేసిన కమీజు మీద నెత్తుటి మరకలున్నాయని, సాయవ్వ కొడుకును, పసుపు ఉడకబెట్టే కూలికి పోయేవాణ్ణి, హత్య కేసులో పట్టుకుపోయారు. అవి పసుపు మరకలని ఆమె ఎంత మొత్తుకున్నా ఎస్సై వినలేదు.

"కేసు మాటెత్తితే బయటికి గెంటిస్త," అన్నాడు ఇవాళ కూడా, స్టేషన్‌కు వచ్చిన సాయవ్వతో.

"కేసు కోసం రాలే సార్. ఒక మాట పుట్టుక చెప్దామని వచ్చిన," అన్నాడు ఆమె వెంట వచ్చిన హనోకు సారు. మిషన్ బడిలో ముప్పై ఏండ్లు భాషలు చెప్పి రిటైరైన మనిషి.

"లాటిన్ల సాపో. అరబ్బులు సాబూన్ అన్నరు. మన ఉర్దూల సాబున్. బోధన్ అంగట్ల మరాఠోళ్లు సాబణ్ అంటరు. మనకు సబ్బు."

ఎస్సై ఆవులించాడు. సాయవ్వ నెత్తి కొట్టుకుంది.

"నా కొడుకు పానం మీదికొస్తే నీ సబ్బు ముచ్చటేంది సారూ!"

హనోకు సారు ఆగలేదు. సంచిలోంచి పసుపు మరకల తువ్వాల తీసి, గుమ్మం పక్కనున్న బకెట్లో తడిపి, సబ్బు రుద్దాడు.

"ఇన్ని దేశాలు తిరిగినా దాని పని మరకలు పోగొట్టుడే సార్. ఒక్క పసుపు మీదనే అబద్ధపు సాక్ష్యం చెప్తది."

మరక చూస్తుండగానే నెత్తురులా ఎర్రబడింది.

ఎస్సై లేచి నిలబడ్డాడు. తువ్వాలను కాదు, కిటికీ బయటికి చూస్తున్నాడు. పొద్దున సాయవ్వ కొడుకును అడవికి తీసుకుపోయిన జీపు తిరిగొచ్చి ఆగింది. అందులోంచి పోలీసులు మాత్రమే దిగారు.

"సూడుండ్రి సార్, జాడిస్తే మల్ల పసుపే అయితుంది," అంటూ సాయవ్వ తువ్వాలను నీళ్లలో జాడిస్తూనే ఉంది.